పరీక్ష తర్వాత చెప్పవలసినవి

నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను కులాసా. అక్కడ మీరంతా కులాసా అని వారం వారం మీరే రాస్తున్నారు కనక ఈసారి ఆ మాట అడగను. అడిగితే మళ్ళీ అదే రాస్తారు.

ఈ కవరు మూల వార్డెన్ మేడమ్ సంతకం లేదని మీరు గమనించే ఉంటారు. హాస్టల్లో మా ఉత్తరాలన్నీ ఆవిడ చదివి, సంతకం పెట్టి, అప్పుడు అంటిస్తుంది. నిన్నటితో పరీక్ష అయిపోయింది. ఇవాళ పొద్దున్నే గేటు తీసేశారు. అందుకని నేనే నడుచుకుంటూ వచ్చి పోస్టాఫీసులో కిటికీ పక్క బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి పెన్నుని దారంతో కట్టేశారు. పక్కన ఒక పెద్దాయన ఆ దారం చాలక, ఫారాన్నే పెన్ను దగ్గరికి జరుపుకుంటూ గొణుక్కుంటున్నాడు. పరీక్ష కోసం కొన్న పెన్నులు నా దగ్గర ఆరు మిగిలాయి. ఆయనకొకటి ఇచ్చాను. నాకేం తొందర లేదు, తీరిగ్గానే రాస్తాను. మీరు కూడా క్లినిక్‌లో ఆఖరి టోకెన్ పిలిచేశాక, చేతులు కడుక్కుని, కూర్చుని చదవండి.

ముందు మీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నిద్ర పడుతోందా అన్నారు. పడుతోంది, కాకపోతే క్లాసులో. మెస్ భోజనం ఎలా ఉందన్నారు. ఉప్పు ఉన్న రోజు బాగుంటుంది. తలనొప్పి తగ్గిందా అన్నారు. ఇక్కడ నూట ఇరవై మంది అమ్మాయిలం, నూట ఇరవై తలనొప్పులు, ఎవరిది ఎవరికొచ్చిందో తెలియదు. ఇంకా ముందు వరుసలోనే ఉన్నావా అని అడిగారు. ఇది మాత్రం ఈమధ్య ప్రతి ఉత్తరంలోనూ అడుగుతారు, నిద్ర సంగతి మరిచిపోయినా ఇది మరవరు. ఆఖరి వారం వరకూ ముందు వరుసలోనే కూర్చున్నాను నాన్నా. నాలుగో కుర్చీ.

ఆ వరుసల సంగతి మీకు కోచింగ్ డైరెక్టర్ గారు చెప్పినంతే తెలుసు. ప్రతి శనివారం పరీక్ష, ఆదివారం గోడ మీద జాబితా, సోమవారం పొద్దున పుస్తకాలు చంకలో పెట్టుకుని అందరం కుర్చీలు మారతాం. ముప్పయ్యో ర్యాంకు నుంచి అరవైకి పడ్డ అమ్మాయి నాలుగు వరుసలు దాటుకుని వెనక్కి నడవాలి. పేర్లతో పిలవడం మొదటి నెలలోనే పోయింది. "ఏయ్ పదహారు, నీ బాటిల్ ఇక్కడుంది." "తొంభై రెండు ఏడుస్తోంది, టీచర్." ఏడవాలంటే అందరం బాత్రూమ్‌కి పోయి పంపు తిప్పుకుంటాం. ఎందుకేడుస్తున్నావని ఒక్కరూ అడగరు, ఎన్ని మార్కులు పోయాయని అడుగుతారు. మా గదిలో ఒకమ్మాయి దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు లెక్కపెట్టి పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంటుంది. ఇంకొకతె ఆదివారం జాబితా వేసే ముందు వాంతి చేసుకుంటుంది, తర్వాత మూతి కడుక్కుని వెళ్ళి చూస్తుంది. నా మంచం పైన ఇంకో మంచం ఉంది కదా, అందులో పడుకునే అమ్మాయిని "పై మంచం" అంటాను. నన్ను "కింద మంచం" అంటుంది. ఈ పది నెలల్లో నన్ను నంబరుతో పిలవనిది ఆమె ఒక్కతే. నిద్రలో ఎముకల పేర్లు చదువుతుంది. మోచేతి దగ్గర తప్పు చదివితే నేను కింద నుంచి అందిస్తాను. నిద్రలోనే "థాంక్స్ ఏ" అంటుంది.

మీరు క్లినిక్‌లో టోకెన్ల బల్ల మీద పెట్టుకున్న నా ఫోటో గురించి కూడా అడిగారు, ఆ తెల్లకోటు ఎవరు కొనిచ్చారని. ఎవరూ కొనివ్వలేదు. మొదటి పది మందికీ కలిపి ఒకటే కోటు. అది డైరెక్టర్ గారి బావమరిదిది. నాలాంటివాళ్ళు అందులో ఇద్దరు పడతారు. వెనకాల బట్టలారేసే క్లిప్పులు ఏడు పెట్టి బిగించారు. ఫోటోగ్రాఫర్ "డాక్టరమ్మా, కాస్త నవ్వండి" అన్నాడు. నవ్వాను. పరీక్ష ఇంకా రెండు వారాలుందనగానే ఆ ఫోటోలు పెద్ద బ్యానరుగా వేయించి మెయిన్ రోడ్డు మీద కట్టారు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు అన్నట్టు. పొద్దున దాని కిందుగానే నడిచి వచ్చాను. నా ముక్కు తలుపంత ఉంది.

కళ్ళజోడు అందిందా, చూపు సరిపోయిందా అన్నారు. అందింది. సరిపోయింది.

ఆ కళ్ళజోడు దగ్గరే అసలు ఉత్తరం మొదలుపెడతాను. మీరు దాని డబ్బా మీద ఉన్న షాపు స్టిక్కర్ని గోరుతో గీకేశారు. జిగురు మాత్రం పోలేదు. నా వేలికి అంటుకుంటోంది. అద్దాల అంచులు యంత్రం మీద కోసినవి. బాబాయి చేత్తో అరగదీసిన అంచు ఎలా ఉంటుందో ఏడేళ్ళ వయసు నుంచి ముక్కు మీద మోస్తున్నదాన్ని, నాకు తెలియదా? సొంత తమ్ముడి కళ్ళజోళ్ళ కొట్టు మన వీధి చివరే ఉండగా, మీరు ఎక్కడో వేరే కొట్టుకు వెళ్ళి నా అద్దాలు చేయించారు. తాళం వేసిన కొట్టులో అద్దాలు ఎవరు చేస్తారు మరి.

నాకు తెలుసు నాన్నా. బాబాయి పోయాడని నాకు ఏడు వారాల నుంచి తెలుసు.

నెమ్మదిగా చదవండి. అమ్మని పిలవకండి, ముందు మీరు పూర్తిచెయ్యండి.

ఏడు వారాల కిందట నాకు జ్వరం వచ్చింది. మీకు రాయలేదు, ర్యాంకు పడిపోతుందేమోనని మీకూ జ్వరం వస్తుందని. మాత్ర కోసం మధ్యాహ్నం వార్డెన్ మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడ "కూర్చో, వస్తున్నా" అని ఫోను మోగితే పక్కగదిలోకి పోయింది. బల్ల మీద పొడుగాటి నోటుపుస్తకం ఉంది. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో "పరీక్ష తర్వాత చెప్పవలసినవి" అని రాసి ఉంది. కౌన్సెలింగ్ తేదీలో, కాలేజీల వివరాలో అనుకుని తెరిచాను. పరీక్ష మీద ధ్యాస ఉన్నదాన్ని కదా, అంతకన్నా ఏం తోస్తుంది.

గీతలు గీసి గడులు చేశారు. మొదట మా హాజరు నంబరు, తర్వాత సంగతి, ఫోను చేసినవాళ్ళు ఎవరు, ఎప్పుడు చెప్పాలి. ముప్పై ఒక్క మందివి ఉన్నాయి. ఒకమ్మాయి కుక్క చచ్చిపోయింది. ఒకమ్మాయి అక్క పెళ్ళి ఆగిపోయింది. ఒకరి ఇల్లు కాలిపోయింది, మనుషులు క్షేమం అని పక్కన రాశారు. పుస్తకం మూసేసేదాన్నే. ఇంతలో నా నంబరు కనబడింది. "చిన్నాన్న మరణం. గుండె. తండ్రి ఫోన్ చేశారు. పరీక్ష తర్వాత. వచ్చే ఉత్తరాల్లో ప్రస్తావన లేకుండా చూడాలి." దాని పక్కన ఎర్రపెన్నుతో సరి అని గుర్తు. తేదీ కూడా ఉంది. అప్పటికి రెండు వారాలు దాటింది.

పుస్తకం ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశాను. ఆవిడ వచ్చి మాత్ర ఇచ్చింది. "మొహం అలా ఉందేంటి? నీళ్ళు బాగా తాగు" అంది. తాగుతానన్నాను. బాత్రూమ్‌కి వెళ్ళి పంపు తిప్పాను. బయట నుంచి ఎవరో "ఎన్ని పోయాయే?" అని అడిగారు. "ఒకటి" అన్నాను.

నాకు అక్షరాలు నేర్పించింది ఎవరు నాన్నా? మీరు పొద్దున ఎనిమిదికి క్లినిక్‌కి పోతే మళ్ళీ ఎనిమిదికి వచ్చేవారు. కళ్ళ డాక్టరు దగ్గర ఉండే అక్షరాల పటం గోడకి తగిలించి, ఒక కన్ను మూయించి, పై వరుస నుంచి కింది వరుస దాకా చదివించాడు ఆయన. నేను కింద వరుస చదివితే "నీ కళ్ళకి నా కొట్టుతో పనిలేదే, నా పొట్ట కొడతావా" అనేవాడు. కుంభాకార కటకం, పుటాకార కటకం నేను పుస్తకంలో నేర్చుకోలేదు, ఆయన అరచేతిలో చూసి నేర్చుకున్నాను. అమ్మ రాసే ప్రతి ఉత్తరం కింద నాలుగు పంక్తులు ఆయనవే ఉండేవి. మీ చేతిరాతని వెక్కిరించేవాడు, డాక్టరు దగ్గర పనిచేసి రోగం అంటించుకున్నాడని. ఆ నాలుగు పంక్తుల కోసమే నేను ఆ కవరు చించేదాన్ని. ఇది మీకు తెలుసో తెలియదో. తెలిసే ఉంటుంది, అందుకేగా ఆ పంక్తులు ఆగకుండా చూశారు.

"బాబాయికి వేలు తెగింది, రాయలేకపోతున్నాడు, నన్ను రాయమని పక్కన కూర్చుని చెబుతున్నాడు" అని అమ్మ చేత రాయించారు. తొమ్మిది ఉత్తరాల్లో ఆయన్ని బతికించారు. నేను ఏడు వారాల పాటు మీకు ఎర వేశాను, మీరు కొరుకుతూ పోయారు. కళ్ళజోడు గీత పడిందని రాసింది అబద్ధం. బాబాయి చేత కొత్త అద్దాలు చేయించి పంపండి అన్నాను, అద్దాలొచ్చాయి. "నాకు సీటు వచ్చేదాకా మిఠాయి ముట్టనని బాబాయి ఒట్టు పెట్టుకున్నాడు కదా, నిలబెట్టుకుంటున్నాడా?" అని రాశాను. అలాంటి ఒట్టు ఏదీ లేదు. నేను కల్పించాను. మీరేం రాశారో గుర్తుందా? "ఒక్క ముక్క కూడా ముట్టడం లేదమ్మా, మాటంటే మాటే" అని. ఆ తొమ్మిది ఉత్తరాల్లో నిజం ఏదైనా ఉంటే ఆ ఒక్క వాక్యమే.

మీరు ఎందుకు చేశారో నాకు తెలియదని కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ క్లినిక్‌లో కాంపౌండరుగా డాక్టరు గారి తలుపు బయట నిలబడి మీరు నేర్చుకున్న విద్య అది. లోపల డాక్టరు పెదవి విరిచి పంపించిన మనిషికి బయట మీరు మందులు పొట్లం కడుతూ "ఏం లేదండీ, మామూలు గడ్డే, తగ్గిపోతుంది" అంటారు. చిన్నప్పుడు నేను అక్కడే బెంచీ మీద కూర్చుని విన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక "రోగం కన్నా నిజం ముందు చంపుతుందమ్మా" అనేవారు. అదేదో గొప్ప మాట అనుకునేదాన్ని. నన్ను కూడా ఆ బెంచీ మీద కూర్చోబెట్టారన్నమాట.

పోయింది మీ తమ్ముడు. మీకున్నది ఒక్కడే. అయినా ఆ వారం ఉత్తరంలో మీ చేతిరాత వణకలేదు. తీసి మళ్ళీ మళ్ళీ చూశాను. "జీవశాస్త్రం మీద శ్రద్ధ పెట్టు" అని రాశారు. తారీఖు వేయడం ఒక్కటే మరిచిపోయారు.

ఇక నేనేం చెయ్యాలో ఆలోచించాను. గోడ దూకి ఇంటికి వచ్చేస్తే? మీరు నాలుగు రోజులు ఓదార్చి మళ్ళీ దింపేవారు. తిండి మానేస్తే? డ్రిప్ పెట్టడం మీకు చేతనవును. మీకు ఎక్కడ తగిలితే తగ్గదో వెతికాను. ఎంతో దూరం వెతకక్కర్లేదు, నన్ను డాక్టరుగా చూడాలన్న మీ ఆశ ఉంది కదా, ఇప్పుడు టోకెన్ల బల్ల మీద ఫ్రేము కట్టి పెట్టుకున్నది అదే.

అప్పటినుంచి చదివాను. ఎలా చదివానంటే, అంతకుముందు ఎనిమిది నెలలు చదివింది చదువే కాదనిపించింది. పగని మించిన ట్యూషన్ లేదు నాన్నా. ముప్పై ఎనిమిదో ర్యాంకు నుంచి ఇరవై, ఇరవై నుంచి పదకొండు, ఆ తర్వాత నాలుగు. సోమవారం సోమవారం ముందుకి నడిచాను. డైరెక్టర్ గారు క్లాసులో నన్ను నిలబెట్టి "ఈ అమ్మాయిని చూడండి, ఎలాంటి టెన్షనూ లేదు. ఇంటి ధ్యాసే లేదు. అలా ఉండాలి" అన్నారు. ఆ పుస్తకంలో నా గడి ఆయనా చదివే ఉంటారు. మీరు "మా బంగారు తల్లి, డాక్టరు గారికి చెప్పాను, ఆయన నీతో మాట్లాడతానన్నారు" అని రాశారు. చెప్పండి, ఇంకా పదిమందికి చెప్పండి అనుకున్నాను. ఎంత పైకి ఎక్కితే అంత.

ఇప్పుడు మీరు అన్నిటికన్నా ముందు అడిగినదానికి వస్తాను. పరీక్ష ఎలా రాశావు, కీతో సరిచూసుకుని ఎన్ని మార్కులొస్తాయో రాయి అన్నారు.

రెండు వందల ప్రశ్నలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఏమీ రానివాడు తెల్లకాగితం ఇచ్చి వస్తే సున్నా వస్తుంది. ఊరికే గుడ్డిగా గీకినవాడికి కూడా నలభయ్యో యాభయ్యో వస్తాయి. కానీ ప్రతి ప్రశ్నా తప్పు చేయాలంటే, ప్రతి ప్రశ్నకీ ఒప్పు తెలిసి ఉండాలి. నాకు తెలుసు. ఒక్కొక్క ప్రశ్నా చేసి, సరైన జవాబు మీద వేలు పెట్టి, దాని పక్క దాన్ని నింపాను. మూడు గంటలూ అదే పని. ఇన్విజిలేటర్ రెండుసార్లు నా వెనక ఆగి, రఫ్ పేజీలో నా లెక్కలు చూసి, తల ఊపి వెళ్ళింది. కటకం మీద ఒక లెక్క వచ్చింది, వస్తువు ఇంత దూరంలో ఉంటే బొమ్మ ఎక్కడ పడుతుంది అని. చదవకుండానే జవాబు తెలుస్తోంది. అదీ తప్పే పెట్టాను. అక్కడ మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

సాయంత్రం గోడ మీద కీ అంటించారు. అందరూ ఒప్పులు లెక్కపెట్టుకుంటుంటే నేను తప్పులు లెక్కపెట్టుకున్నాను. నూట తొంభై ఏడు. మూడింటిలో మాత్రం నేను తప్పనుకుని పెట్టింది ఒప్పయి కూర్చుంది. ఆ మూడే నాకు నిజంగా రానివి. మూడు నాలుగులు పన్నెండు, నూట తొంభై ఏడు లోంచి తీస్తే మైనస్ నూట ఎనభై అయిదు. డైరెక్టర్ గారు వచ్చి "ఎంతమ్మా?" అన్నారు. "ఎవరూ నమ్మనంత వస్తుంది సార్" అన్నాను. ఆయన భుజం తట్టి, బ్యానరు ఇంకోటి పెద్దది వేయిద్దామన్నారు.

కాబట్టి నాన్నా, వచ్చే నెల ఫలితాలు వస్తాయి. ఆ రోజు మీ డాక్టరు గారు తలుపు తీసుకుని బయటికి వచ్చి, రోగులందరి ముందూ, మీ అమ్మాయికి ఎంతొచ్చింది అని అడుగుతారు. అప్పుడు మీరు ఆయనకి "ఏం లేదండీ, మామూలు గడ్డే" అని చెప్పి చూడండి. ఫోటో మాత్రం తీయకండి. అది నేను మీకిచ్చిన బహుమతి, అక్కడే ఉండాలి.

ఈ పేరా వరకూ రాయడానికి ఏడు వారాలు ఎదురుచూశాను. రాసేశాను. ఎంత హాయిగా ఉంటుందో అనుకున్నాను. కాసేపు ఉంది కూడా.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు చేశావే అంటుంది అమ్మ. నిజమే. కళ్ళ డాక్టరు కావాలన్నది మీ కోరిక ఒక్కటే కాదు. మీరు అడగకముందు నుంచీ నాకూ ఉంది, బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "నువ్వు చీటీ రాయి, నేను అద్దం కోస్తా, ఊరి కళ్ళన్నీ మనవే" అనేవాడు. అయినా అందుకు నేను ఏడవడం లేదు. పరీక్ష మళ్ళీ ఏడాది వస్తుంది. మళ్ళీ రానిది ఇంకొకటి చేశాను. అది చెప్పకుండా ఈ కవరు అంటించేద్దామని రెండుసార్లు మడత పెట్టాను. మళ్ళీ విప్పాను.

ఆ పుస్తకంలో నా గడికి నాలుగు గడుల కింద పై మంచం నంబరు ఉంది. "తల్లికి కడుపులో గడ్డ. ఆపరేషన్ అయింది. లాభం లేదన్నారు. మేనమామ ఫోన్ చేశారు. పరీక్ష తర్వాత."

మిగతా ముప్పయ్యీ అయిపోయిన సంగతులు. ఎప్పుడు తెలిసినా మారేవి కావు. ఈ ఒక్కటి అలాంటిది కాదు. ఆ రోజుకి వాళ్ళమ్మ బతికే ఉంది.

వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. ఉత్తరాలు వార్డెన్ మేడమ్ చదువుతుందని, కూతురికి పంపే గౌన్ల అంచు మడతలో చిన్న కాగితం పెట్టి కుట్టేసేది. పై మంచం బ్లేడుతో ఆ కుట్లు విప్పి, చదివి, నవ్వి, నాకు అందించేది. నెలకొకటి వచ్చేది. ఆగిపోయాయి. "మా అమ్మకి పెళ్ళిళ్ళ సీజనే, పని ఎక్కువుంటుంది. తీరిక దొరికితే రెండు కలిపి పంపుతుంది చూడు" అనేది. నేను "అవును" అనేదాన్ని. పాత గౌన్ల అంచులు మళ్ళీ విప్పి చూసేది, ఏదైనా చదవకుండా వదిలేశానేమోనని. నేను పక్కనే కూర్చుని బ్లేడు అందించాను.

ఎందుకు చెప్పలేదు? మొదటి రోజు, ఎలా చెప్పాలో తెలియక. రెండో రోజు, శనివారం పరీక్ష అయ్యాక చెబుదామని. అప్పటికే మీ మాటలు నా నోట్లోకి వచ్చేశాయి, పాపం దాని ఏడాది చదువు పోతుంది, ఇప్పుడు తెలిసి మాత్రం ఏం చేస్తుంది, అంతా దాని మంచికే. ఇక్కడితో ఆపేస్తే మీకూ నాకూ బాగానే ఉంటుంది. కానీ నిజం ఇది కాదు. అది తెలిస్తే పై మంచం ఏడుస్తూ ఆఫీసుకి పోతుంది. నీకెవరు చెప్పారని అడుగుతారు. పుస్తకం నేను చదివానని బయటపడుతుంది. ఆ గంటలోనే మీకు ఫోను వస్తుంది. మీరు పరుగెత్తుకొచ్చి, నన్ను పట్టుకుని ఏడ్చి, బతిమాలి, నా పగని నీళ్ళు చల్లి ఆర్పేస్తారు. అది ఆరకూడదనుకున్నాను. అందుకని నోరు మూసుకున్నాను. నా పరీక్ష కోసం కాదు, ఆమె పరీక్ష కోసమూ కాదు. మీ మీద కక్ష తీర్చుకోవడానికి ఒక తల్లిని బిడ్డకి చూపించకుండా దాచాను.

నిన్న సాయంత్రం వాళ్ళ మేనమామ వచ్చాడు. గేటు దగ్గరే మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు. వాళ్ళమ్మ పోయి నాలుగు వారాలు. అంటే నేను పుస్తకం చూశాక ఆవిడ ఇంకా ఇరవై రోజులు ఉంది. బస్సులో వాళ్ళ ఊరు అయిదు గంటలు. పై మంచం ఎంతసేపో అసలు ఏడవలేదు. "మామయ్యా, చివర్లో అడిగిందా నన్ను?" అంది. ఆయన "రోజూ అడిగిందమ్మా. పరీక్షలని చెప్పాం" అన్నాడు. తర్వాత గదికి వచ్చి సామాను సర్దుకుంది. నేను మడతలు పెట్టిచ్చాను. వెళ్ళేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుని చెవి దగ్గర అంది: "అందరికీ తెలుసంట ఏ. వార్డెన్‌కీ తెలుసంట, డైరెక్టర్‌కీ తెలుసంట. నీకు తెలిసుంటే నువ్వు చెప్పేదానివే, కదే?"

నేను తల ఊపాను నాన్నా. అవునన్నట్టు.

మిమ్మల్ని క్షమించానని రాస్తానని ఎదురుచూస్తే రాయను. ఇదివరకైతే మీరెలా చేయగలిగారో అర్థంకాక క్షమించలేదు. ఇప్పుడు బాగా అర్థమైంది, అది ఎంత తేలికో. రోజూ పక్కన కూర్చుని బ్లేడు అందిస్తే చాలు. అంత తేలిక కనకే క్షమించను.

గురువారం నన్ను తీసుకెళ్ళడానికి వస్తానన్నారు. రావద్దు. ఈ ఉత్తరం మీకు బుధవారానికల్లా అందుతుంది. పదకొండు గంటల బస్సుకి నేను పై మంచం వాళ్ళ ఊరు వెళుతున్నాను. ఆమెకి ఉత్తరం రాయను. ఉత్తరాలు రాయడంలో మనింట్లో వాళ్ళందరం ఎంత ఘనులమో తెలిసిందే. ఎదురుగా నిలబడి, నాకు తెలుసని, ఏడు వారాల నుంచి తెలుసని, ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను. కొట్టనీ, తిట్టనీ, మొహం మీద తలుపెయ్యనీ. ఆమె నన్ను గుమ్మం దాటి లోపలికి రానిస్తే, నేనూ తిరిగి మన గుమ్మంలోకి వస్తాను. మీరు బాబాయి ఎలా పోయాడో, ఆఖరికి ఏమన్నాడో ఒక్క మాట కూడా దాచకుండా నాకు చెప్పాలి. ఆమె రానివ్వకపోతే మీరు నా కోసం తలుపు తీసి ఉంచుకోవద్దు. మీ మీద నా తీర్పు, నా మీద ఆమె చెప్పబోయే తీర్పే.

పెద్దాయన ఫారం ఇచ్చేసి వెళ్ళిపోయాడు. పెన్ను తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నాను. బస్సు టైమయింది.

ఇట్లు,
అన్ని విధాలా మీ పోలికే వచ్చిన
మీ పెద్దకూతురు